ద్రవ్యముపై గూఢరూపములు: జనదృష్టి

రూపాయి యను మాటలోనే రూపమున్నది. రూపమును అచ్చుగా పొడిచి చేసినది ‘రూప్యము’ అని పాణిని శబ్దసాధన చూపినాడు. ఆ రూప్యమే దేశభాషలలో రూపాయి యైనది. నాణెమునకు మూలమైన ‘నాణక’ శబ్దము కుషాణుల నాణెములపై నిలిచియున్న ‘నానా’ దేవత పేరునుండి పుట్టినదని కొందఱు పండితుల ఊహ. సిక్కా యనగా అచ్చు. ముద్ర యనినను అదియే. పందెము వేయునపుడు మన పిల్లలు ‘బొమ్మా, బొరుసా’ యని యడుగుదురు గాని, అక్షరమా, అంకెయా యని యడుగరు. ఈ మాటల నన్నిటిని ఒకచోట చేర్చి చూచినచో ద్రవ్యమును జనులు చదువుటకంటె చూచుటయే యెక్కువ యని తెలియుచున్నది.

అట్లు చూచు కన్నునకు, అచ్చు వేసినవారు చెప్పని రూపము కానవచ్చినపుడు లోకము ఏమనుకొనును? ఆ యనుకొనుటవలన ఎవరికేమి కలుగును? ఈ వ్యాసమున పరిశీలింపదలచిన విషయ మిది. కొంత దూరదేశపు ముచ్చట చెప్పి, తరువాత మన కరీంనగర, ఆదిలాబాదు ప్రాంతములకు వచ్చెదను.

1954లో కెనడా దేశపు బ్యాంకు రెండవ ఎలిజబెత్తు రాణి బొమ్మతో క్రొత్త నోట్లను వెలువరించినది. యూసుఫ్ కార్ష్ అను ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు 1951లో తీసిన చిత్రము దానికి ఆధారము. రాణిగారి చెవివెనుక కేశముల మడతలలో వెలుగునీడలు కలిసి, పండ్లికిలించి నవ్వుచున్న దయ్యపు ముఖమువలె నున్నవని జనులు గుర్తించిరి. బ్యాంకునకు ఆక్షేపణలు వచ్చినవి. అచ్చుపలకను చెక్కినవాడు కావలెననియే యిట్లు చేసినాడను పుకారును పుట్టినది. నిజమునకు చెక్కినవాడు ఛాయాచిత్రమునందున్న వెలుగునే యథాతథముగా దించినాడు. అయినను 1956లో పలకలను సవరించి, ఆ కేశములను నల్లపఱచి క్రొత్త నోట్లు వేయవలసివచ్చెను. ‘దయ్యపు తల’ నోట్లని పేరువడిన ఆ పాత నోట్లను నేడు సేకర్తలు ఎక్కువ వెలనిచ్చి కొనుచున్నారు.

హిందూమహాసముద్రమునందలి సీషెల్సు దీవులలోను ద్రవ్యమునకు రూపాయి యనియే పేరు. ఆ దీవులు బ్రిటిషువారి యేలుబడిలో నుండగా, 1968లో వెలువడిన యేబది రూపాయల నోటుపై కొబ్బరి మట్టలలో మూడక్షరముల ఆంగ్లపదమొకటి, సభలో పలుకరానిది, జనులకు కనబడినది. పది రూపాయల నోటుపై తాబేటి దగ్గఱ పగడపు కొమ్మలలో మఱియొక తిట్టుమాటను చదివిరి. అది చిత్రకారుని చిలిపితనమా, కాకతాళీయమా యని నేటికిని వాదము కలదు.

రెండింటను గమనింపదగిన యంశ మొక్కటే. అంతవఱకు కేశములుగా నున్నది, ఒకడు ‘దయ్యము’ అని పేరు పెట్టినంతనే దయ్యమైనది. పేరు విన్న తరువాత ఆ నోటును చేతబట్టి దయ్యమును చూడకుండుట ఎవరితరము? రూపమునకు ముందు పేరు వచ్చి కూర్చుండుచున్నది. కావున దీనిని చిత్రకళవారికి విడిచిపెట్టుట తగదు. ఇది నామకరణమునకు సంబంధించినది. భాషావిద్యార్థికిని ఇందు భాగము కలదు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. ఆసఫ్‌జాహీ ప్రభువుల హాలీ సిక్కా తెలంగాణమున చెలామణి యైన కాలమున బ్రిటిషు రూపాయిని మనవారు ‘కల్దారు’ అనెడివారు. కల్దారు ఆఱు రూపాయలకు హాలీ రూపాయలు ఏడు. మహబూబ్ అలీఖాన్ పాలనలో, 20వ శతాబ్దారంభమున యంత్రముతో పొడిచిన వెండి రూపాయిపై చార్మినారు బొమ్మ వచ్చినది. ప్రభువు ముఖము నాణెముపై వేయు ఆచారము అచట లేదు. కావున బొమ్మ యనదగినది ఆ కట్టడ మొక్కటే. చుట్టును పారసీక లిపి. తెలుగు రైతునకు ఆ లిపి రాదు. అతనికి రూపాయిని పట్టియిచ్చినది చార్మినారే. అది ‘చార్మినారు రూపాయి’ యైనది.

ఆ చార్మినారు ద్వారములో నొక యక్షరము దాగియున్నది. మహబూబ్ కాలపు నాణెములపై అది ‘మీమ్’. 1911లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ సింహాసనమెక్కిన తరువాత ‘ఐన్’. ప్రభువు పేరులోని మొదటి యక్షర మన్నమాట. కొన్ని ముద్రణలలో అది సగముగాను, కొన్నింట పూర్తిగాను కానవచ్చుటచే నాణెశాస్త్రజ్ఞులు వానిని వేఱు వేఱు తరగతులుగా లెక్కింతురు. మఱియు నాణెముపై 92 అను అంకె కలదు. ఇది సంవత్సరము గాదు. అక్షరములకు సంఖ్యావిలువ కట్టు అబ్జదు పద్ధతిలో ‘ముహమ్మద్’ అను నామమునకు వచ్చు మొత్తమే 92. మన కవులు భూతసంఖ్యలతో శకవర్షములను చెప్పినట్టిదే యీ పద్ధతియు.

ఇచట గూఢరూపమును చేసినవారే పెట్టినారు. అది యూహ గాదు. ఉర్దూ పారసీకములు చదివినవాడు ద్వారములో అక్షరమును చూచును. చదువనివానికి అది కమానులో నొక వంపుగీత మాత్రమే. ఒకే రూపాయి యిద్దఱి చేతులలో రెండు విధములుగా నుండినను చెలామణికి భంగము కలుగలేదు. ఏలన నాణెమునకు ఇద్దఱును పలుకదగిన పేరొకటి యుండెను. దానిలోని వెండికి తూకము కలదు. దాగిన యక్షరము వారి నమ్మకమును ముట్టలేదు. 1959లో హైదరాబాదు ద్రవ్యము చెల్లనిదైన తరువాతను పాత వెండి రూపాయలు కొన్ని హారములలో చేరి, ఆదిలాబాదు గోండు, లంబాడీ స్త్రీల మెడలలో నిలిచినవి.

ఇంతకంటె ప్రాచీనమైన గూఢరూప మొకటి మన గోదావరీతీరముననే కలదు. కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట లొకప్పుడు కరీంనగరు జిల్లాలోనివి. 2016లో జిల్లాలను విభజించిన పిమ్మట మొదటిది జగిత్యాల జిల్లాకు, తక్కిన రెండును పెద్దపల్లి జిల్లాకు చెందినవి. పురావస్తుశాఖవారు జరిపిన త్రవ్వకములలో పెద్దబంకూరున శాతవాహనుల నాణెములు వేలకొలది దొరకినవి. శాతవాహన నాణెములపై సాధారణముగా నొకవైపు తొండమెత్తిన యేనుగు, రెండవవైపు ఉజ్జయినీ చిహ్నము ఉండును. ఉజ్జయినీ చిహ్నమనగా ఒకదానినొకటి ఖండించు రెండు గీతలు, నాలుగు కొనలయందు నాలుగు వలయములు. నాసికకు సమీపమున జోగల్‌తెంబి వద్ద 1906లో దొరకిన నిధిలో పదమూడువేలకు పైగా వెండి నాణెము లుండగా, మూడింట రెండు వంతులు గౌతమీపుత్ర శాతకర్ణి తిరిగి ముద్రించినవి. క్షహరాత నహపానుని ముఖముపై నీ ఉజ్జయినీ చిహ్నమును, పర్వతచిహ్నమును పొడిపించినాడు. కొన్నింటిపై ఓడినవాని ముక్కును, మీసమును నేటికిని క్రిందనుండి తొంగిచూచుచుండును. గూఢరూపమనగా నిదిగదా!

ఈ చిహ్నమును ఇంతగా వర్ణించుటకు కారణము కలదు. 2004 మొదలు 2007 వఱకు సంవత్సరాంకములు గల యొక రూపాయి, రెండు రూపాయల నాణెములపై భారత ప్రభుత్వము క్రొత్త రూపకల్పన నొకటి వేసినది. రేఖలు అడ్డముగను నిలువుగను ఖండించుకొనగా, నడుమ నాలుగు మూలలయందు నాలుగు చుక్కలు. ‘భిన్నత్వములో ఏకత్వము’ దాని భావమనియు, నలుగురు ఒకే దేహమును పంచుకొనుట యందు సూచింపబడినదనియు రిజర్వు బ్యాంకువారు చెప్పిరి. కాని పలువురు హిందూ సంస్థలవారు అది క్రైస్తవుల సిలువ యని ఆక్షేపించిరి. 9వ శతాబ్దమున ఫ్రాంకుల చక్రవర్తియైన లూయీ నాణెముపై సిలువయు నాలుగు చుక్కలును ఉన్న మాట నిజమే. దానిని తెచ్చి ప్రక్కన బెట్టి పోల్చిరి. తరువాత 2007నుండి నృత్యహస్తములు గల నాణెములు వచ్చినవి: రూపాయిపై ఎత్తిన బొటనవ్రేలు, రెండు రూపాయలపై రెండు వ్రేళ్లు. ముద్ర యనగా అచ్చును, అభినయహస్తమును గూడ గనుక, ముద్రపై ముద్ర వేసినట్లైనది! ఈ శ్లేష ఢిల్లీ రూపశిల్పులకు తట్టినదో లేదో గాని, తెలుగు సంస్కృతములు చదివినవానికి తట్టక మానదు.

సిలువ యనినవారు ఫ్రాంకుల దేశమువఱకు పోయిరి గాని పెద్దబంకూరు వఱకు రాలేదు. ఖండించుకొను రెండు గీతలు, చుట్టును నాలుగు గుండ్రనివి: ఈ యమరిక క్రైస్తవమతము పుట్టుటకు ముందే మన దేశపు నాణెములపై కలదు. నిజమే, ఉజ్జయినీ చిహ్నమున వలయములు కొనలయందున్నవి, క్రొత్త నాణెమున చుక్కలు మూలలయందున్నవి. రెండింటికి వంశసంబంధము కలదని నేను చెప్పబోవుట లేదు. నాలుగు గీతలు తమంతట తామే యొక మతమును చెప్పవను మాటమాత్రము దీనివలన రుజువగుచున్నది. అయితే ఆక్షేపించినవారిది కేవలము మూఢత్వమనుటయు నాకు సమ్మతము గాదు. నాణెముపై నొక నైరూప్యమైన గుర్తు వేసి, దానికి జనుల నోట నిలుచు పేరొకటి యీయక విడిచినచో, జనులే యొక పేరు పెట్టుదురు. తమ కాలపు భయములనుండియే ఆ పేరును తెచ్చుకొందురు. చార్మినారునకు వ్యాఖ్యానము అక్కఱలేకపోయినది. ‘భిన్నత్వములో ఏకత్వము’ అనునది వ్యాఖ్యానములేనిదే తెలియదు, ఆ వ్యాఖ్యానము నాణెముతో కూడ అంగడికి రాలేదు.

కాగితపు నోటు సంగతి వేఱు. అందు గూఢరూపము లుండుట నియమము. 1996లో వెలువడిన మహాత్మాగాంధీ వరుసనుండి నోటును కంటికి సమముగా పడుకొనబెట్టి చూచిన అంకె కానవచ్చు గుప్తచిత్రము, వెలుతురునకు ఎత్తిన గాంధీ ముఖము కనబడు వాటర్‌మార్కు, భూతద్దమునకుగాని అందని సూక్ష్మాక్షరములు ఉన్నవి. దొంగనోటును గుర్తించుటకు వీనిని వెదకి చూడుడని ప్రభుత్వమే ప్రకటనలతో బోధించుచున్నది. దాగిన బొమ్మకొఱకు వెదకుమని నేర్పిన పిమ్మట, చూపినదానికంటె ఒకటి రెండెక్కువ చూచినాడని జనుని దూఱుట యెట్లు?

2016 నవంబరు 8వ తేదీ రాత్రి పాత అయిదువందల, వేయి రూపాయల నోట్లను రద్దుచేసినపుడు ఈ వెదకుట పరాకాష్ఠ నందినది. రెండువేల రూపాయల క్రొత్తనోటులో సూక్ష్మమైన చిప్పు కలదనియు, భూమిలో పాతినను ఆకాశమునందలి ఉపగ్రహమునకు దాని జాడ తెలియుననియు మాట పుట్టి దేశమంతట వ్యాపించెను. రిజర్వు బ్యాంకు అట్టిది లేదని చెప్పినను చాలనాళ్లు నిలిచెను. ఈ పుకారు తక్కినవానివంటిది గాదు. కెనడావారు లేని దయ్యమును చూచిరి, కాని చూచిరి. ఇచట కంటికి కనబడని వస్తువును గూర్చి జనులు నమ్మిరి. అయినను దాని జన్మస్థానము ఊహింపరానిది గాదు: ఆ నోటు వెనుక అంగారకునివద్దకు పంపిన మంగళయానము బొమ్మ యున్నది, ఉపగ్రహపు బొమ్మ గల నోటు ఉపగ్రహముతో మాటలాడుననుట బొమ్మను చదివిన యొక రీతియే. అదే నెలలో క్రొత్త అయిదువందల నోట్లు కొన్నింటిలో గాంధీ ముఖమునకు రెండవ నీడ పడినదని జనులు చూపిరి. అది యూహ గాదు. తొందరలో అచ్చువేయుటచే వచ్చిన లోపమై యుండవచ్చునని, అట్టి నోట్లను పుచ్చుకొనవచ్చునని, లేదా బ్యాంకునకు తిరిగి యీయవచ్చునని అధికారులే చెప్పిరి. ఒకే మాసమున లేని చిప్పును ఉన్నదనుట, ఉన్న నీడను చూపుట రెండును జరిగినవి. వీనిని వేఱుపఱచి చూపు నోరు అంగడిలో లేకపోయెను.

మన జిల్లాలలో నన్నిటికంటె ఎక్కువ నష్టము కలిగించినది రెండువేల నోటు గాదు. పది రూపాయల బిళ్ల. రెండు లోహములతో చేసిన ఈ నాణెము 2009లో చెలామణికి వచ్చినది. మొదట వచ్చిన వానిలో నొకదానిపై పదునైదు కిరణములు. రూపాయికి ప్రత్యేకచిహ్నము 2010లో ఏర్పడిన తరువాత 2011నుండి వచ్చినదానిపై ఆ చిహ్నమును, పది గీతలును. ఇవిగాక స్మారకముద్రలు: వైష్ణవీదేవి, అంబేడ్కరు, గాంధీజీ దక్షిణాఫ్రికానుండి తిరిగివచ్చుట మున్నగునవి. 2016లో ఢిల్లీ ప్రాంతమున దొంగనాణెములు చేయుచున్నవారు పట్టుబడిరను వార్త వచ్చినది. ఆ వార్త గింజ. దానిచుట్టు పెరిగిన శాస్త్రము జనులది. పది గీతలున్నది మంచిది, పదునైదున్నది దొంగది. చిహ్నమున్నది చెల్లును, లేనిది చెల్లదు. ఇట్లు గీతలు లెక్కించి నాణ్యమును తేల్చిరి. కొన్నిచోట్ల ఆ లెక్కయు పోయి, పది బిళ్ల యనినచో చాలు, చేయి వెనుకకు తీసికొనిరి. హైదరాబాదు మొదలుకొని కరీంనగరము, ఆదిలాబాదు వఱకు కొన్ని యేండ్లు ఇదే తీరు.

2016 నవంబరు 20న ఒకసారి, 2018 జనవరి 17న మఱియొకసారి రిజర్వు బ్యాంకు ప్రకటన చేసినది. పదునాలుగు రూపములును చెల్లునని, నాణెములకు ఆయువు ఎక్కువగాన వేఱు వేఱు కాలముల రూపములు ఒకేసారి చెలామణిలో నుండుట సహజమని అందు చెప్పిరి. తర్కము సరియైనదే. ఒక పది బిళ్ల తయారీకే అయిదున్నర రూపాయలు పట్టునని 2018లో సమాచారహక్కు క్రింద వెల్లడియైనది. దొంగకు కిట్టుబాటు స్వల్పమని ఇంతమాత్రమున తెలియుచున్నది. అయినను ప్రకటన వెలువడిన మఱునాడే అంగడి మాఱలేదు. ప్రకటన పత్రికలలో నుండెను, బిళ్ల చేతిలో నుండెను. ఈ రెండును కలిసికొనలేదు.

కాగితపు నోటుపై పదునైదు భాషలలో విలువ వ్రాసియుండును. చివఱనుండి రెండవ పంక్తి తెలుగుది. 1918 నాటి శాసనము ననుసరించి వెలువడిన నిజాము నోట్లపైనను తెలుగులో విలువ వ్రాసిరి. నాణెముపైనో, హిందీయు ఆంగ్లమును తప్ప మన భాషలో నొక్క యక్షరమును లేదు. ఆ రెండును రానివాడు దేనినిబట్టి మంచిచెడ్డలు తేల్చుకొనవలెను? బొమ్మనుబట్టియే, బొమ్మయు నిలుకడగా లేనపుడు గీతల లెక్కనుబట్టి. చార్మినారు రూపాయినాటి రైతు స్థితియే యిది, అప్పటివలె వెండి తూకము అండగా లేదు, అంతే భేదము.

నష్టము ఎవరిది? జీతగానికి బ్యాంకు కలదు, ఫోనులో చెల్లించు సౌకర్యము కలదు. వారపు అంగడిలో ఆకుకూరలమ్ము అవ్వకు దినమంతటి రాబడి బిళ్లలే. కొనువాడిచ్చిన పది బిళ్లను కాదనినచో బేరము పోవును. పుచ్చుకొనినచో సాయంకాలము ఉప్పు పప్పు కొనబోవు అంగడివాడు దానిని కాదనును. టోకువర్తకుడు చిల్లరవర్తకునివద్ద పుచ్చుకొనడు గనుక చిల్లరవర్తకుడు ఆమెవద్ద పుచ్చుకొనడు. బ్యాంకులు నాణెములను తప్పక పుచ్చుకొనవలెనను ఆజ్ఞ యుండినను, పది బిళ్లల మూట తీసికొని ఒక పూట కూలి పోగొట్టుకొని బ్యాంకువద్ద నిలుచువారెవరు? గూఢరూపమును చూచినవాడొకడు, ఆ చూపునకు వెల చెల్లించినది మఱియొకతె. కెనడాలో దయ్యపు తల నోటును ఎవరును కాదనలేదు. అచట జరిగినది వేడుకయు కొంత కోపమును. మన యంగడిలో జరిగినది నూటికి నూఱుపాళ్లు కడుపునకు సంబంధించినది.

ఇంతమంది గీతలు లెక్కించిరి గాని, సంవత్సరాంకము క్రింద నున్న చిన్న నక్షత్రమును గుర్తించినవారు అరుదు. అది హైదరాబాదు టంకశాల గుర్తు. ముంబయి నాణెమునకు వజ్రాకృతి, నోయిడా నాణెమునకు చుక్క, కలకత్తా నాణెమునకు గుర్తు లేదు. మహబూబ్ కాలమున 1903లో సైఫాబాదున వెలసి, చార్మినారు రూపాయలను పొడిచి, 1950లో కేంద్రప్రభుత్వాధీనమై, 1997లో చర్లపల్లికి మాఱిన టంకశాలయే ఈ నక్షత్రము గల బిళ్లలను వేయుచున్నది. దొంగదని త్రోసివేయబడిన బిళ్లలలో మన రాజధానిలో పుట్టినవి ఎన్ని యుండెనో గదా!

పరిశోధకవిద్యార్థులకు ఇందు చేయదగిన పని కలదు. హాలీ, కల్దారుల నాటి పేర్లు విన్నవారు పల్లెలలో ఇంకను కొందఱున్నారు. పది బిళ్ల వివాదకాలమున ఏ యూరిలో ఏ గీతలకు ఏ పేరు పెట్టిరో, ఏ బిళ్లను ఏమని పిలిచి కాదనిరో జ్ఞాపకముంచుకొన్నవారు వేలకొలది యున్నారు. మంచిర్యాల బొగ్గుగనుల బస్తీలలో వినబడిన మాట ఉట్నూరు అంగడిలో వినబడకపోవచ్చును. గోండీ మాటలాడువారు దానిని వేఱుగా చెప్పియుండవచ్చును. అంగడిదినమున త్రాసు ప్రక్కన కూర్చుండి ఈ పేర్లను వ్రాసికొనవలెను. ఏ నాణెమును గూర్చి చెప్పుచున్నారో దాని సంవత్సరాంకమును, క్రింది గుర్తును కూడ ప్రక్కనే వ్రాసికొనుట మఱువరాదు.